ఎంబీఏ సీటు బ్లాక్ చేస్తామనే కన్సల్టెన్సీల విషయంలో జాగ్రత్త: అనంతపురం విద్యార్థులకు, తల్లిదండ్రులకు హెచ్చరిక

బెంగళూరు కళాశాలల్లో ఎంబీఏ సీట్లు ఇప్పిస్తామంటూ అనంతపురంలో ఆఫీసులు తెరిచిన కన్సల్టెన్సీలలో ఒకదాని వల్ల మా చిన్నాన్న కుటుంబం ఎంత ఇబ్బంది పడిందో దగ్గరుండి చూసినదాన్ని గనుక, ఈ వేసవిలో డిగ్రీ పూర్తి చేసుకుంటున్న పిల్లలు, వారి తల్లిదండ్రులు డబ్బు కట్టకముందే దీన్ని చదవాలని కోరుతున్నాను. వ్యవహారం జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు ఉన్నందున ఆ సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి ఆఫీసులు నడిచే పద్ధతి తెలిస్తే పేరు తెలియకపోయినా గుర్తుపట్టవచ్చు.

మా చెల్లెలు బీకాం చివరి సెమిస్టర్ పరీక్షలు రాసిన కొద్ది రోజులకే ఆ ఆఫీసు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సప్తగిరి సర్కిల్ దగ్గరున్న వారి ఆఫీసుకు తండ్రీకూతుళ్లను పిలిపించుకుని, ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు రాష్ట్రంలో జరిగే ప్రవేశ పరీక్ష) రాయకపోయినా ఫర్వాలేదని, సీట్లు అయిపోతున్నాయని, మరునాటికల్లా బ్లాక్ చేసుకోకపోతే తమ చేతుల్లో ఏమీ ఉండదని చెప్పి 60,000 రూపాయలు కట్టించుకున్నారు. అది చిన్నాన్న వేరుశనగ విత్తనాలకు, దుక్కి ఖర్చులకు పక్కన పెట్టుకున్న డబ్బు. దానితోపాటు పదో తరగతి నుంచి డిగ్రీ వరకు ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ‘వెరిఫికేషన్’ పేరుతో తమ దగ్గరే ఉంచుకున్నారు. రెండేళ్లకు మొత్తం ఆరున్నర లక్షలని, క్యాంపస్ ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని నోటితో చెప్పారే గాని ఎక్కడా రాసి ఇవ్వలేదు.

వారిచ్చిన రసీదును నేను తరువాత చూశాను. పైన కన్సల్టెన్సీ పేరు ఉంది గాని కళాశాల పేరు లేదు. దేనికి కట్టారన్న చోట ‘సర్వీస్ చార్జెస్’ అని రాసి ఉంది. అడుగున, కళ్లజోడు లేకుండా చిన్నాన్న చదవలేనంత చిన్న అక్షరాలతో, కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదని ఇంగ్లీషులో ముద్రించి ఉంది. అంటే సీటు కోసం కట్టామని ఇంట్లో అందరూ అనుకుంటున్న డబ్బు కళాశాలకు చేరనే లేదు.

మిగిలిన ఫీజు కోసం విద్యారుణానికి బ్యాంకుకు వెళ్లినప్పుడే అసలు సంగతి బయటపడింది. మేనేజరు కన్సల్టెన్సీ ఇచ్చిన అడ్మిషన్ కాగితాన్ని రెండుసార్లు చదివి, “మీ అమ్మాయికి డిగ్రీ ఎవరిస్తారయ్యా? ఇందులో ఏ యూనివర్సిటీ పేరూ లేదే” అని అడిగారు. ఆ కాగితం మీద ఉన్నది పీజీపీఎం (పోస్ట్ గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్ ఇన్ మేనేజ్‌మెంట్) అనే కోర్సు పేరు. గట్టిగా నిలదీసి అడిగితే కన్సల్టెన్సీవారు చెప్పిందేమిటంటే, ఆ సంస్థ తన సొంత పీజీపీఎం సర్టిఫికెట్ ఇస్తుందట, ఎంబీఏ డిగ్రీ మాత్రం వేరే రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఆన్‌లైన్ పద్ధతిలో వస్తుందట. దీన్నే వారు ‘డ్యూయల్ సర్టిఫికెట్’ అని గొప్పగా చెబుతున్నారు.

ఇక్కడ తెలుసుకోవలసిన విషయం చాలా ఉంది. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం కేంద్ర చట్టం ద్వారా గాని రాష్ట్ర చట్టం ద్వారా గాని ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉంది. ఐఐఎంలు సైతం 2017 నాటి ప్రత్యేక చట్టం వచ్చాకే డిగ్రీలు ఇవ్వగలిగాయి. అంతకుముందు అవి ఇచ్చింది డిప్లొమాలే. కాబట్టి పీజీడీఎం (మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా) అన్నంత మాత్రాన తక్కువ చూపు చూడనక్కరలేదు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) అనుమతి ఉన్న రెండేళ్ల పీజీడీఎంకు కంపెనీలలో విలువ ఉంది, ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) గుర్తింపు ఉన్నవాటిని ఎంబీఏతో సమానంగానూ పరిగణిస్తారు. ఏ అనుమతీ లేని సంస్థ అచ్చు వేసి ఇచ్చే పీజీపీఎంను వాటి సరసన నిలబెట్టి చూపించడమే మోసం. ఆన్‌లైన్ ఎంబీఏ సంగతీ అంతే. యూజీసీ అనుమతి పొందిన విశ్వవిద్యాలయం ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ చెల్లుతుంది, ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి అది మేలు కూడా. అయితే యూజీసీ 2020 నాటి నిబంధనలు దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులను ఫ్రాంచైజీ పద్ధతిలో నడపడాన్ని నిషేధించాయి. ఇంట్లో కూర్చుని తక్కువ ఖర్చుతో నేరుగా చదువుకోగల డిగ్రీకి మధ్యలో ఇంకో సంస్థ చేరి ఆరున్నర లక్షలు వసూలు చేయడానికి ఏ న్యాయమూ లేదు.

అందువల్ల ఎవరు ఏ కళాశాల పేరు చెప్పినా ముందు డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది, అది రెగ్యులరా ఆన్‌లైనా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఏఐసీటీఈ వెబ్‌సైటులో ఆ సంస్థ, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరపు అనుమతుల జాబితాలో ఉన్నాయో లేదో మీరే చూడండి. డబ్బు కడితే కళాశాల పేరు మీదున్న ఖాతాకే కట్టండి.

ఐసెట్ అక్కరలేదన్న మాట నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించింది. 2023, 2024 సంవత్సరాలలో ఆ పరీక్షను నిర్వహించింది మన ఊరి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగటివ్ మార్కులు లేవు. మన రాష్ట్రంలో ప్రైవేటు కళాశాలలలో కూడా 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ర్యాంకును బట్టి కౌన్సెలింగ్ ద్వారానే నిండుతాయి. ఎస్కేయూ, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంటికి దగ్గరలో ఉండగా, బెంగళూరు పేరు వినగానే కళ్లు మూసుకుని పరుగెత్తవలసిన అవసరం లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని నమ్మబలికేవారూ ఉన్నారు. ప్రైవేటు కళాశాలలలోని పీజీ విద్యార్థులకు దాన్ని నిలిపివేస్తూ ప్రభుత్వం 2020లో జీవో 77 ఇచ్చిన సంగతి గుర్తుంచుకుని, ఏ ఏడాదికి ఏది వర్తిస్తుందో ఆ ఏడాది ఉత్తర్వు చదివి తేల్చుకోవాలి.

అసలు ఎంబీఏ ఇప్పుడే అవసరమా అన్నది కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చుని తేల్చుకోవలసిన విషయం కాదు. మా చెల్లెలికి నిజంగా ఇష్టమైంది అకౌంట్స్ పని. అటువంటి పిల్లలకు సీఏ ఇంటర్ గాని సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ) గాని సూటిగా ఉపయోగపడతాయి. మార్కెటింగ్‌లోనో హెచ్‌ఆర్‌లోనో స్థిరపడాలనుకునేవారు కూడా రెండేళ్లు ఉద్యోగం చేశాక వెళితే తరగతిలో చెప్పేది బాగా తలకెక్కుతుందని నా అభిప్రాయం. హైదరాబాదులోని ఐఎస్‌బీ అనే మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ తన ప్రధాన కోర్సుకు రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతుంది, చాలా ఐఐఎంలు ఎంపికలో అనుభవానికి మార్కులు వేస్తాయి. డిగ్రీ అయిన నెలకే అప్పు చేసి చేరకపోతే జీవితం వెనకబడిపోతుందని భయపెట్టేవారి మాట వినకండి.

బ్యాంకుకు ముందే వెళ్లడం చాలా మంచిదని మా అనుభవం చెబుతోంది. రుణం కావాలన్నా అక్కరలేకపోయినా, అడ్మిషన్ లెటర్, ఫీజు వివరాలు తీసుకెళ్లి ఒకసారి చూపించండి. బ్యాంకు ఫీజును సాధారణంగా నేరుగా విద్యాసంస్థకే పంపుతుంది గనుక సంస్థ గుర్తింపు గురించి గట్టిగానే ఆరా తీస్తుంది.

ఇప్పటికే ఇలా చిక్కుకున్నవారికి కొన్ని వివరాలు చెప్పాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో ఉన్నత విద్యాసంస్థలకే స్పష్టంగా చెప్పింది. కళాశాలకే లేని ఆ హక్కు కన్సల్టెన్సీకి ఉండదు. అదే ఉత్తర్వు ప్రకారం, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు సీటు వదులుకుంటే, ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా మినహాయించుకుని, మిగిలిన ఫీజంతా కళాశాల తిరిగి ఇవ్వాలి. ఆలస్యమైన కొద్దీ తిరిగి వచ్చే భాగం తగ్గుతుంది, చివరి తేదీ దాటి 30 రోజులు గడిస్తే ఏమీ రాదు. కాబట్టి వద్దనుకున్న రోజే రాతపూర్వకంగా తెలియజేయాలి. మేము సర్టిఫికెట్లు వెంటనే ఇవ్వాలంటూ ఉత్తరం రాసి, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చిన కాపీతో వెళ్లిన తరువాతే అవి మా చేతికి వచ్చాయి. డబ్బు ఇంకా రాలేదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. 5 లక్షల లోపు చెల్లింపులకు సంబంధించిన కేసుకు జిల్లా కమిషన్‌లో రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు, న్యాయవాది తప్పనిసరి కాదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి గనుక, రసీదు, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ సందేశాలు దేన్నీ చెరిపేయకుండా దాచుకోండి. అనంతపురంలో ఇదే పద్ధతిలో డబ్బు కట్టినవారు ఇంకెవరైనా ఉంటే వ్యక్తిగత సందేశం పంపండి. మా ఫిర్యాదు ప్రతిని మీకిస్తాను, మీ కేసు వివరాలు రాసుకోవడానికి పనికొస్తుంది.