డెల్ఫీ: గోడ చూపించిన గది, లోయ చూపించిన సేద్యం

గ్రీసులో అపోలో దేవుడి ప్రాచీన క్షేత్రమైన డెల్ఫీలో మాకు గది ఇచ్చిన యజమాని రాత్రికి 85 యూరోలు పుచ్చుకొని, లోయ కనిపించే గది అని చెప్పి పక్కింటి వెనుక గోడ చూపించాడు. ఇదేమిటని నిలదీస్తే, బాల్కనీ చివర నిలబడి కాస్త వంగి చూడమన్నాడు; పై అంతస్తుకు మారాలంటే మరో 20 యూరోలట. స్నానానికి వేడినీళ్లు కూడా సరిగా రాకపోవడంతో మా ఆవిడ ఆ పూటంతా పలకలేదు.

మర్నాడు శిథిలాల దగ్గర నిలబడితే, పర్నాసస్ కొండ దిగువ నుంచి ఇతియా రేవు దాకా ఆలివ్ తోటలే. కృష్ణా డెల్టాలో వరి పండించే మా బాబాయి వాలులో గుప్పెడు మట్టి తీసి, సున్నపురాయి ముక్కలు ఏరి పారేసి, "ఈ రాళ్లలో ఏం పండించుకుని బతికార్రా?" అన్నారు. గ్రీసులో అధికభాగం కొండలే. వానలు ప్రధానంగా చలికాలంలోనే పడతాయి, ఏథెన్స్‌లో ఏడాది మొత్తానికి సుమారు 400 మిల్లీమీటర్లే. అందుకే ప్రాచీనులు తొలకరి శరత్తులో వస్తే విత్తి, ఎండలు ముదరకముందే కోసేవారు. ఏడాది విడిచి ఏడాది నేలను బీడుగా వదిలేవారు. ఏథెన్స్ పరిసరాల్లో గోధుమ కన్నా వానలేమికి ఓర్చుకునే బార్లీనే ఎక్కువగా వేసి, వాలు నేలలను ఆలివ్‌కూ ద్రాక్షకూ ఇచ్చారు. అయినా తిండిగింజలు చాలక ఏథెన్స్ నల్లసముద్ర తీరం నుంచి ఓడల్లో తెప్పించుకునేది. ఆలివ్ నూనె తప్ప మరే పంటనూ ఎగుమతి చేయరాదని ఏథెన్స్ శాసనకర్త సోలన్ శాసించాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

మేము చూస్తున్న ఆ మైదానాన్ని ప్రాచీనకాలంలో అపోలో దేవుడికి అంకితం చేసి, దున్నడాన్ని నిషేధించారు. చదునైన నేల అంత అరుదైన చోట ఆ నిషేధం ఎన్నాళ్లు నిలుస్తుంది? క్రీ.పూ. 339 ప్రాంతంలో దగ్గర్లోని ఆంఫిస్సా పట్టణ ప్రజలు దేవుడి నేలను సాగు చేశారన్న ఆరోపణ యుద్ధమైంది. ఆ సాకుతో మాసిడోనియా రాజు ఫిలిప్ దక్షిణానికి దిగి, 338లో ఖైరోనియా వద్ద ఏథెన్స్, థీబ్స్ సేనలను ఓడించాడు. "గట్టు తగాదాకు రాజ్యమే పోయిందన్నమాట," అన్నారు బాబాయి, మొదటిసారి ఉత్సాహంగా.

మధ్యాహ్నం ఇతియాలో ఉడికించిన అడవి ఆకుకూర, దానిమీద ధారగా ఆలివ్ నూనె, నిమ్మరసం, పక్కన గట్టి బార్లీ రొట్టె. ముగ్గురికీ 31 యూరోలే. ఆవిడ కోపమూ అక్కడే చల్లారింది. నన్నడిగితే బస మీరు కూడా ఇతియాలోనే పెట్టుకోండి. కొండ మీదే ఉండి తీరాలనుకుంటే, కిటికీలోంచి తీసిన ఫోటో పంపందే డబ్బు కట్టకండి.