ప్రపంచంలో ఎక్కడైనా?

ఇంగ్లండ్‌లో, రెడింగ్ ఊళ్ళో ఇల్లు కొని ఏడాది కావస్తోంది. ఈ లోపల మనవాళ్ళు ఓ పదిమంది అడిగి ఉంటారు, సొలిసిటర్‌గా, అంటే ఇంటి కొనుగోలు కాగితాలు చూసే లాయరుగా, ఎవరిని పెట్టుకున్నారు, ఎలా చేశారు అని. ఇన్నాళ్ళూ "బాగానే చేసిందండీ" అని నంబర్ పంపి ఊరుకున్నాను. బాగానే అన్న మాట వెనక చాలా కథ ఉంది.

ముందు మా ఎస్టేట్ ఏజెంట్ ఒక ఫర్మ్ పేరు చెప్పాడు. 795 పౌండ్లు, ప్లస్ వ్యాట్. అంతా ఆన్‌లైన్, ఫోన్‌లో ట్రాకర్, ఫైల్ ఎంతవరకు వచ్చిందో పచ్చ టిక్కులతో కనిపిస్తుందట. కొటేషన్ ఫారంలో ఒక ప్రశ్న: మొదటిసారి ఇల్లు కొంటున్నారా? ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్ళుగా అద్దె ఇళ్ళలోనే ఉన్నాం. ఇంటి లోను ఇప్పించే మార్ట్‌గేజ్ బ్రోకర్ కూడా మమ్మల్ని ఫస్ట్ టైమ్ బయ్యర్స్ అనే రాసుకున్నాడు. ఇంకేం, అవునని కొట్టాను. ఇంటి ధర 3,65,000 పౌండ్లకి స్టాంప్ డ్యూటీ 3,250 అని కింద చూపించింది. ఆ లెక్క పట్టుకునే మా బడ్జెట్ వేసుకున్నాం.

ఆఫీసులో ఒకాయన మాత్రం, సంతకం పెట్టే ముందు ఇంకో చోట కూడా అడగమని ఒక నంబర్ ఇచ్చాడు. దుకాణాల పైన రెండు గదుల ఆఫీసు. ఫీజు 1,450, ప్లస్ వ్యాట్. అంటే దాదాపు రెట్టింపు. ఏమైనా తగ్గిస్తారేమో అడుగుదామని ఫోన్ చేశాను. రిసెప్షనిస్ట్ లేదు, సొలిసిటరే ఎత్తింది. తగ్గించే మాట ఎత్తకుండానే ఆమె అడిగింది: "మీ ఇద్దరిలో ఎవరికైనా, ఎప్పుడైనా, ప్రపంచంలో ఎక్కడైనా సొంత ఇల్లు గానీ, ఇంట్లో వాటా గానీ ఉండేదా?"

ఇంగ్లండ్‌లో లేదండీ అన్నాను.

"నేను ఇంగ్లండ్ అనలేదు."

అప్పుడు చెప్పాను, కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్ ఉండేదని, 2021లోనే అమ్మేశామని. అయితే మీరు ఫస్ట్ టైమ్ బయ్యర్ కాదు, అంది. మొదటిసారి కొనేవాళ్ళకి స్టాంప్ డ్యూటీలో ఇచ్చే రాయితీ కావాలంటే కొనేవాళ్ళందరూ ఎన్నడూ ఎక్కడా ఇల్లు లేనివాళ్ళై ఉండాలట. అమ్మేశారా ఉందా అన్నది దీనికి సంబంధం లేదు. ఒకరికి ఉండి ఒకరికి లేకపోయినా ఇద్దరికీ పోతుంది. బ్యాంకు దృష్టిలో ఫస్ట్ టైమ్ బయ్యర్ వేరు, స్టాంప్ డ్యూటీ దృష్టిలో వేరు. ఫోన్‌లోనే లెక్క చెప్పింది: 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్ల ప్రకారం మాకు పడేది 3,250 కాదు, 8,250. అయిదు వేలు తేడా. అక్కడితో ఆగలేదు. ఆ ఫ్లాట్ అమ్మకుండా ఉంటే రెండో ఇంటి కింద ధర మొత్తం మీద ఇంకో 5 శాతం, అంటే 18,250 అదనంగా కట్టాల్సి వచ్చేదట. అద్దె వస్తోంది కదా ఎందుకమ్మడం అని ఆ రోజుల్లో ఇంట్లో ఎంత గొడవైందో నాకు తెలుసు. ఆ రాత్రి మా ఆవిడ వాళ్ళమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పింది.

తర్వాత మా ఆవిడ పేరు మీద షాద్‌నగర్ దగ్గరున్న ప్లాటు సంగతి వచ్చింది.

"దాని మీద ఏముంది?"

"ప్రహరీ గోడ. ఓ వేపచెట్టు."

"గది ఏమైనా?"

"మోటారు షెడ్డు కూడా లేదు."

టైప్ చేస్తున్న చప్పుడు. ఖాళీ స్థలం ఇల్లు కాదు కాబట్టి ఫర్వాలేదంది, కానీ ఫొటో పంపమంది. మామగారు మర్నాడే వెళ్ళి వేపచెట్టు పక్కన నిలబడి ఫొటో తీయించుకుని వాట్సాప్‌లో పెట్టారు. ఆ చెట్టు కింద వాచ్‌మన్ గది వేయిద్దామని రెండేళ్ళుగా అంటున్నారాయన. బద్ధకం కొద్దీ వేయలేదు. వేసి ఉంటే ఆమె ఇంకెన్ని ప్రశ్నలు వేసేదో!

ఆ ఫోన్ కాల్ తర్వాత నాకు ట్రాకర్ మీద, పచ్చ టిక్కుల మీద ఆశ పోయింది. కంప్లీషన్, అంటే డబ్బంతా కట్టి ఇల్లు మన చేతికి రావడం, అయ్యాక 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేయాలి. వేసేది సొలిసిటరే అయినా అందులో తప్పు ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది మనమే. తక్కువ కట్టినట్టు ఏ రెండేళ్ళకో తేలితే వడ్డీ, పెనాల్టీ మన నెత్తినే. అదృష్టం ఏమిటంటే ఇదంతా తెలిసింది డిపాజిట్ కట్టి, సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు అమ్మేవాళ్ళతో ఎక్స్ఛేంజ్ చేసుకోకముందే. సోఫా మానేశాం, కార్పెట్లు పాతవే ఉంచాం.

ఇంతవరకు చెప్పి ఆపితే అందరూ ఆమెనే పెట్టుకుంటారు. ఆగండి.

అంతలా అడిగే మనిషి డబ్బు దగ్గరికి వచ్చేసరికి ఊరుకుంటుందా! డిపాజిట్‌లో ఎనిమిది వేల పౌండ్ల దాకా అమ్మ ఇచ్చినవి. కోనసీమలో తాతగారు అమ్మకిచ్చిన 12 సెంట్ల కొబ్బరి దొడ్డి అమ్మి పంపింది. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడటం ఇక్కడి సొలిసిటర్లందరికీ తప్పనిసరే, మనీలాండరింగ్ చట్టం కింద. ఆరు నెలల స్టేట్‌మెంట్లు, అమ్మ బ్యాంకు పాస్‌బుక్ ఇచ్చాం. ఆమెకి అమ్మిన దస్తావేజు కావాలి. అది తెలుగులో ఉంది. సర్టిఫైడ్ అనువాదం చేయించి పంపితే రెండు ప్రశ్నలతో మెయిల్ వచ్చింది. సెంటు అంటే నాణెమా, కొలతా? అది తేలిక, ఎకరంలో నూరో వంతు అని రాశాను. రెండోది: ఈ భూమి మీ అమ్మగారికి పసుపు, కుంకుమ నిమిత్తం వచ్చిందని ఉంది, ఆ వ్యాపారం ఎవరిది?

తప్పు ఆమెది కాదు. అనువాదకుడు మాటకి మాట దించేశాడు. పెళ్ళిలో ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు ఇచ్చే భూమిని మన దగ్గర అలా అంటారని పేజీన్నర ఉత్తరం రాశాను. ఆఫీసు మెయిళ్ళలో కూడా అంత జాగ్రత్తగా ఇంగ్లీషు రాసి ఎరగను. దస్తావేజులో రాసిన ధరా, అకౌంట్‌లో పడిన డబ్బూ ఒకటే కావడం మా అదృష్టం. మన దగ్గర అలా కానివి ఎన్నో చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత గిఫ్ట్ లెటర్. ఇది కానుకే, తిరిగి అడగను, ఇంటి మీద నాకు హక్కు లేదు అని అమ్మ సంతకం పెట్టాలి. వీడియో కాల్‌లో చదివి వినిపిస్తే, "కన్నకొడుక్కి ఇచ్చింది తిరిగి అడగనని కాగితం రాయాలా? అడుగుతానని ఎవడన్నాడ్రా?" అంది. సంతకం పెట్టింది గానీ ఆ వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు.

వీటికే మూడు వారాలు పట్టింది. మనూళ్ళోలా టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకునే పద్ధతి ఇక్కడ లేదు. కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయ్యేదాకా ఆఫర్ ఒప్పుకున్నాడన్న మాటకి విలువ లేదు, ఇంకెవరైనా ఎక్కువిస్తే అమ్మేవాడు అటు వెళ్ళిపోవచ్చు. ఆ మూడు వారాలూ ఏజెంట్ రోజు విడిచి రోజు ఫోన్ చేసి, మీ లాయర్ పసుపు లెక్క తేల్చిందా అని అడిగేవాడు. ఆ టెన్షన్‌లో ఆమెను మార్చేద్దామా అని కూడా అనుకున్నాను. పైగా ఆగస్టులో ఆమె రెండు వారాలు సెలవు. ఒక్క మనిషి నడిపే ఆఫీసు కదా, ఫోన్ ఎత్తేది ఆమే కాబట్టి ఆమె లేకపోతే ఎత్తేవాళ్ళే లేరు. మొదట్లో నాకు నచ్చింది అదే.

ఇంకొకటుంది. తాళాలు చేతికొచ్చిన రెండో వారం, చెత్త బండి వచ్చే ముందు రోజు రాత్రి, పక్కింటాయన మా పెరట్లోంచి చక్రాల డబ్బా లాక్కుంటూ వెళ్తున్నాడు. మా ఆవిడ కెవ్వుమంది. ఆయన తాపీగా గుడ్ ఈవినింగ్ చెప్పి గేటు వేసి వెళ్ళాడు. మర్నాడు 7 పౌండ్లు కట్టి ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి టైటిల్ రిజిస్టర్ తీసి చూస్తే నిజమే, వరస ఇళ్ళలో పక్కవాళ్ళకి మా వెనక దారి మీద నడిచే హక్కు ఉంది. సొలిసిటర్ పంపిన రిపోర్టులో కూడా ఉంది, 19 పేజీల్లో పదకొండో పేజీలో, ఒక్క లైను. దాచలేదు. చెప్పానంటే చెప్పినట్టే. వేపచెట్టు గురించి నాలుగు ప్రశ్నలు వేసిన మనిషి, మా పెరట్లోంచి జనం నడుస్తారన్న సంగతి ఫోన్‌లో ఒక్క ముక్క అనొచ్చు కదా? అడిగితే, "డబ్బుకి సంబంధించినవి నేను అడుగుతాను, రిపోర్టు మీరు చదవాలి" అంది. అదీ నిజమే. నేను చదవలేదు.

ఇప్పుడెవరైనా అడిగితే వాళ్ళ సంగతి కనుక్కుని గానీ చెప్పడం లేదు. ఇండియాలో పేరు మీద ఏమీ లేక, డిపాజిట్ అంతా ఇక్కడి జీతంలో దాచుకున్నదైతే ఆ 795 వాళ్ళు కూడా సరిపోవచ్చు. నాకు తెలిసిన ఇద్దరు వాళ్ళతోనే చేయించుకున్నారు, మధ్యలో కేస్‌వర్కర్ మారడం తప్ప ఇబ్బంది లేదన్నారు. మాలా అటూ ఇటూ కాళ్ళున్నవాళ్ళకి ఈమే నయం, తొందర లేకపోతే, ఆగస్టు కాకపోతే.

మొన్న ఇక్కడే స్లౌ అనే ఊళ్ళో ఉండే మా తోడల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నగారు పోయాక విజయవాడ ఇల్లు అన్నదమ్ముల ముగ్గురి పేరు మీదికి మారింది. "నంబర్ పంపు అన్నయ్యా. ఆ ఇంటి గురించి ఆవిడేమీ అడగదు కదా?" అన్నాడు. ఇంకా పంపలేదు.