పాలు పడని మా పాపతో రెండేళ్లుగా వెళ్తున్న వీగన్ హోటల్

మా పాపకు పాలు పడవు. పెరుగు, నెయ్యి, పన్నీరు, ఏది తిన్నా అరగంటలో ఒళ్లంతా దద్దుర్లు. అలర్జీ అని డాక్టర్ తేల్చినప్పటి నుంచి బయట తినాలంటే నాకు టెన్షనే. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారమని తెలుస్తుంది కానీ, అందులో పాలు ఉన్నాయో లేవో ఆ చుక్క చెప్పదు. ఒకసారి ఒక హోటల్లో "నెయ్యి వేయలేదు కదా" అని రెండుసార్లు అడిగాకే పప్పు తినిపించాను. పోపు నెయ్యితోనే పెట్టారట. ఆ రాత్రంతా ఆసుపత్రిలో గడిపాం.

అందుకే సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలోని ఈ చిన్న వీగన్ హోటల్ మాకు ఇంత దగ్గరైంది. వీగన్ అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ వాడరు. ఎనిమిది టేబుళ్లు, లోపల వంట చేసే అక్క, ఆమెకు ఇద్దరు సాయం. 2023 వానాకాలం నుంచి దాదాపు ప్రతి ఆదివారం వెళ్తున్నాం. వంటగదిలోకి పాల ప్యాకెటే రాదు. తేనె కూడా వాడరు. పాప మెనూ చేతిలోకి తీసుకుని తనకు నచ్చింది తనే చెప్పుకోవడం నేను మొదటిసారి చూసింది ఇక్కడే.

మెనూలో సగం నాకు నచ్చలేదు. సోయాతో చేసిన చికెన్ కర్రీ, జీడిపప్పు చీజ్ పిజ్జా లాంటివి. రబ్బరులా సాగే ఆ ముక్కల్ని రెండుసార్లు తిని వదిలేశాను. రెండో సగం కోసమే మా రాకపోకలు. జొన్న రొట్టె, పుంటికూర పప్పు, పచ్చిపులుసు, నువ్వుల పొడి, సర్వపిండి. వీటిలో పాలు ఎప్పుడూ లేవు. సిద్దిపేటలో మా అమ్మమ్మ రోజూ వండినవే ఇవన్నీ. ఇక్కడి పచ్చిపులుసులో మిరపకాయల్ని నిప్పు మీద కాల్చి నలుపుతారు, ఆ వాసన గిన్నె దగ్గరికి రాగానే తెలుస్తుంది. సర్వపిండి అడుగు ఎర్రగా కాలి, మధ్యలో పల్లీలు పంటికి తగులుతాయి.

అన్నిటికన్నా గొప్పది పల్లీల పెరుగు. ఎలా చేస్తారని అక్కను అడిగితే ఓపిగ్గా చెప్పింది. రాత్రంతా నానిన పల్లీలను మెత్తగా రుబ్బి, బట్టలో వడకట్టి, ఆ పాలను కలుపుతూనే మరిగించాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. గోరువెచ్చగా అయ్యాక పచ్చిమిరపకాయల తొడిమలు నాలుగైదు వేసి మూత పెట్టాలి. తొడిమల మీద ఉండే బ్యాక్టీరియాతోనే తోడుకుంటుంది. మొదటిసారి పలుచగా వస్తుంది, అదే తోడుగా వాడితే తర్వాతిది గట్టిపడుతుంది. పల్లీ వాసన కొంచెం ఉంటుంది, అల్లం, కరివేపాకు పోపుతో అది పోతుంది. మా పాప ఊహ తెలిశాక పెరుగన్నం తిన్నది ఇక్కడే. రెండోసారి పెట్టించుకుంది. నేను ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాను.

పల్లీలు, జీడిపప్పు పడనివాళ్లు మాత్రం ముందే అడగాలి, సగం వంటల్లో అవే ఉంటాయి. పాలు మానిన పిల్లలకు కాల్షియం ఎలా అని నాకు బెంగగా ఉండేది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, అందుకే ఇక్కడి రాగి అంబలి తప్పకుండా తాగిస్తాను. పూర్తిగా వీగన్‌గా ఉండేవాళ్లకు విటమిన్ బి12 మాత్రం ఈ తిండితో రాదు, డాక్టర్‌ను అడిగి మాత్రలు వాడాల్సిందే.

లోపాలూ ఉన్నాయి. కొర్రల బిర్యానీ మధ్యాహ్నం రెండు దాటితే ఎండిపోయి గొంతు దిగదు. సోయా పాల టీ చాలాసార్లు విరిగినట్టు వచ్చింది, చెప్పినా మారలేదు. భోజనం 240 రూపాయలు, మామూలు మెస్‌తో పోలిస్తే ఎక్కువే. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తమ్మను ఒక్కసారే తీసుకెళ్లగలిగాను.

సర్వపిండి పార్శిల్ తీసుకోకండి, ఇంటికి చేరేసరికి మెత్తబడుతుంది. పెరుగు మాత్రం అడిగితే చిన్న డబ్బాలో ఇస్తారు. ఒంటిగంటలోపు వెళ్లాలి, తర్వాత మిగలదు. ఆదివారం తెచ్చిన ఆ డబ్బా సోమవారం మా పాప స్కూల్ బాక్సులో పెరుగన్నమవుతుంది.