నోటుకి మూడేళ్లు నిండబోతున్నాయి: చెల్లు వేయించాలా, తిరగరాయించాలా, ఒప్పుకోలు కాగితం తీసుకోవాలా?

మే 12, గుంటూరు ఎండ. మా బాబాయి కొడుకు బ్రాడీపేటలో మా ఇంటికొచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి ప్రామిసరీ నోటు తీసి బల్లమీద పెట్టాడు. మూడు లక్షలు, రెండు రూపాయల వడ్డీ, తేదీ 22-5-2022. రాసిచ్చింది వాళ్ల బావ. ప్రత్తిపాడు వైపు మిర్చి వేస్తాడు.

"పదిరోజులే ఉంది అన్నయ్యా. అయినా కోర్టులకి ఎండాకాలం సెలవులేగా, తెరిచాక చూసుకోవచ్చంటున్నారు."

ఆ చెప్పినవాళ్లు సగమే చెప్పారు. అడిగిన వెంటనే ఇస్తానని రాసిన నోటు మీద దావాకి గడువు నోటు తేదీ నుంచి 3 ఏళ్లు. ఆఖరి రోజు సెలవుల్లో పడితే, కోర్టు తెరిచిన రోజున దావా వేసుకోనిస్తుంది 1963 నాటి కాలపరిమితి చట్టం, 4వ సెక్షన్. ఆ వెసులుబాటు దావా వేయడానికే. బావ చేత సంతకం పెట్టించి గడువు కొత్తగా మొదలెట్టుకోవాలంటే, ఆ సంతకం మూడేళ్లు నిండకముందే పడాలి. సెలవుల్లో మే 25న పెట్టించావో, ఆ సంతకం గడువుని పెంచదు. గడువు దాటి కాలదోషం పట్టిందంటే, అవతలివాడు ఆ మాట ఎత్తకపోయినా 3వ సెక్షన్ కింద కోర్టే దావా కొట్టేయాలి.

మరి పదిరోజుల్లో ఏం చేయాలి? దారులు మూడు. మావాడు వచ్చింది మాత్రం ఒకే దారి ఖాయం చేసుకుని: నోటు తిరగరాయించడం. మన వైపు అలవాటే అది. కొత్త కాగితం, కొత్త రెవెన్యూ స్టాంపు, కొత్త సంతకం, అప్పిచ్చినవాడికి నిద్ర పడుతుంది. కానీ లెక్క చూడండి. మూడు లక్షలకి నెలకి 6,000 వడ్డీ. 36 నెలలకి 2,16,000. అసలూ వడ్డీ కలిపి తిరగరాస్తే అసలే 5,16,000 అవుతుంది, ఆ మర్నాటి నుంచి నెలకి 10,320. బావ పొలంలో ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) అదనంగా పండలేదు, అప్పు మాత్రం పెరిగి కూర్చుంది. సంతకం పెట్టేటప్పుడు మొహమాటానికి పెడతాడు, ఆ రాత్రి లెక్కేసుకుంటాడు. ఆ తర్వాత అక్క ఫోను ఎత్తదు.

ఇంకో చిక్కు ఉంది, నేను ప్లీడరు గుమాస్తాగా ఉన్నప్పుడు పదేపదే చూసింది. తిరగరాసే నోటులోనూ పాత మూసే దించుతారు: "ఈ దినము నగదుగా ముట్టినవి." ఆ రోజు రూపాయి కూడా చేతులు మారలేదు కదా! దావా పడ్డాక అవతలి ప్లీడరు బోనులో ఉన్నవాణ్ని మొదట అడిగేది అదే: అయ్యా, ఈ డబ్బు ఏ బ్యాంకు నుంచి తీశారు, ఎవరి ఎదుట లెక్కపెట్టిచ్చారు? పాత నోటు చించేశారు. నోటుకి ప్రతిఫలం ఉందనే, అంటే డబ్బు ముట్టే రాసిచ్చాడనే, చట్టం మొదట అనుకుంటుంది, నిజమే. కానీ కాగితం ఒకటి చెప్పి సాక్షి ఇంకొకటి చెబితే ఆ బలం జారిపోతుంది. తిరగరాయక తప్పనిచోట "ఫలానా తేదీ నోటు తాలూకు అసలు, వడ్డీ కలిపి" అని ఉన్నదున్నట్టు రాయించండి.

రెండో దారి ఒప్పుకోలు కాగితం. అదే కాలపరిమితి చట్టంలో 18వ సెక్షన్‌కి కావాల్సింది తక్కువే: రాతపూర్వకంగా ఉండాలి, బాకీదారు సంతకమో, అతను అధికారం ఇచ్చినవాడి సంతకమో ఉండాలి, గడువులోపల పడాలి. ఇస్తానని మాటివ్వక్కర్లేదు. "బాకీ ఉన్న మాట నిజమే, పైసా ఇవ్వను పో" అని రాసి సంతకం పెట్టినా ఒప్పుకోలే! మీకే రాయాలని కూడా లేదు. మూడోమనిషికి రాసిన ఉత్తరంలో మీ బాకీ ఉందని ఒప్పుకుంటే అదీ పనికొస్తుంది. అందుకే మాటామాటా అనుకుని ఎడమొహం పెడమొహంగా ఉన్నచోట ఈ దారి బంగారం. నోటీసు ఇస్తే, కోపంలో వచ్చే జవాబులోనే మీకు కావాల్సిన వాక్యం దొరకొచ్చు.

తెలివి ఎక్కువైనవాళ్లు ఇందులో "మీరు అడిగిన వెంటనే వడ్డీతో చెల్లించగలవాడను" అని ఒక ముక్క చేరుస్తారు. అప్పుడది ఒప్పుకోలు కాగితం కాదు, ప్రామిసరీ నోటే అనే వాదన వస్తుంది. స్టాంపు లేని ప్రామిసరీ నోటుని తర్వాత పెనాల్టీ కట్టి సాక్ష్యంలోకి ఎక్కించుకోవడం కుదరదు. ఉన్న బాకీ ఉందని రాయించి అక్కడితో ఆపండి.

వాట్సాప్‌లో "ఇస్తాలే బావా, పంట రానీ" అన్నదాని మీద ఆశ పెట్టుకోకండి. సంతకం ఎక్కడ అన్న పేచీ ఒకటి, 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఫోన్లోని మెసేజిని సాక్ష్యంగా పెట్టడానికి కావాల్సిన సర్టిఫికెట్ గొడవ ఇంకొకటి. ఏమీ లేనప్పుడు చూసుకోవాల్సిందే గానీ, మనిషి పక్క ఊళ్లో ఉండగా ఇదెందుకు?

మూడోది చెల్లు. నేను మావాడికి చెప్పింది ఇదే. అసల్లోనో వడ్డీలోనో కొంత కట్టి, ఆ సంగతి నోటు వెనక రాసి సంతకం పెడితే 19వ సెక్షన్ కింద ఆ కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అసలు పెరగదు. పాత నోటు అట్నే ఉంటుంది. మొహం మీద "అప్పు ఒప్పుకో" అనక్కర్లేదు, "బావా, వడ్డీ కింద ఏదన్నా ఇవ్వు" అంటే చాలు.

తప్పు జరిగేది ఒక్కచోటే, అదీ అప్పిచ్చినవాడి చేతులతోనే. "ముట్టినవి" అని తనే రాసుకుని తనే సంతకం పెట్టుకుంటాడు. చెల్లు కట్టినవాడి చేతిరాతలో అయినా ఉండాలి, కనీసం కట్టినవాడి సంతకమైనా ఉండాలి. ఫోన్‌పేలో పంపితే డబ్బు వచ్చినట్టు బ్యాంకు చెబుతుంది, చట్టం అడిగే సంతకం మాత్రం రాదు. అందుకని ఫోన్‌పే చేసినా నోటు వెనక రాయించాల్సిందే. ఇద్దరు కలిసి రాసిచ్చిన నోటైతే ఒకరు వేసిన చెల్లు ఒక్కటే రెండోవాణ్ని కట్టెయ్యదు, 20వ సెక్షన్. ఇద్దరి చేతా పెట్టించండి.

గడువు దాటిపోయినవాళ్లకి చెల్లూ లేదు, ఒప్పుకోలూ లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 25(3) ఒక్కటే: ఆ పాత బాకీ ఇస్తానని స్పష్టంగా మాటిస్తూ సంతకం చేసిన కాగితం. అక్కడ ఉత్త ఒప్పుకోలు చాలదు, "ఇస్తాను" అన్నది ఉండాలి. అప్పటికి అవతలివాడికీ ఎవరో ఒక ప్లీడరు చెప్పే ఉంటాడు. కాబట్టి అంతదాకా రానివ్వకండి, చిన్న ఊరట తప్ప అదొక దారి కాదు.

మావాడు 18వ తారీఖు ఆదివారం ప్రత్తిపాడు వెళ్లాడు. సాయంత్రం నోటు వెనక ఫొటో పంపాడు. నీలం ఇంకుతో, వంకర అక్షరాల్లో: "18-5-2025 న వడ్డీ కింద రూ. 5,000 ఇచ్చినాను." కింద బావ సంతకం. దానికింద మావాడు కూడా సంతకం పెట్టాడు, ఎందుకో తెలీదు. ఫోను చేసి అడిగితే, "అక్క గోంగూర పచ్చడి కట్టిచ్చింది అన్నయ్యా, రేపు తెస్తా," అన్నాడు.