ఎవరిదీ పత్రిక? తిరుపతిలో చదివిన డెన్మార్క్ వ్యాపార దినపత్రిక ‘బోర్సెన్’

కోపెన్‌హాగెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి బ్రహ్మోత్సవాలకు తిరుపతి వస్తూ, నేను అడిగిన మీదట, అక్కడి వ్యాపార దినపత్రిక ‘బోర్సెన్’ను ఒక వారానికి సరిపడా, అంటే సోమవారం నుంచి శుక్రవారం వరకు ఐదు సంచికలు, పెట్టె అడుగున మడత నలగకుండా పరిచి తెచ్చి ఇచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు వాణిజ్యశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, ఏ వ్యాపార పత్రిక చేతికి వచ్చినా ముందు అది ఎవరిదో చూసి, ఆ తర్వాతే లోపలి వార్తలు చదవడం నాకు అలవాటు. డేనిష్ భాష నాకు రాదు. బాలాజీ కాలనీలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని, ఫోను కెమెరాను పేజీ మీద పట్టుకుని, అనువాదం చేసే యాప్ ఇంగ్లీషులో చూపినదాన్ని చదువుతూ, అర్థం కానిచోట అమ్మాయిని పిలుస్తూ, దాదాపు మూడు వారాలు ఈ ఐదు సంచికలతో గడిపాను. ఈ సమీక్ష ఆ చదువు మీద, ఆ పత్రిక చరిత్ర గురించి తెలుసుకున్న దాని మీద ఆధారపడి రాస్తున్నది.

ముందుగా పేరు సంగతి. డేనిష్‌లో ‘బోర్స్’ అంటే షేర్ల, సరుకుల లావాదేవీలు జరిగే ఎక్స్ఛేంజి. చివరనున్న ‘ఎన్’ మన విభక్తి ప్రత్యయంలాగా మాట వెనక చేరి ‘ఆ ఎక్స్ఛేంజి’ అనే అర్థం ఇస్తుంది. ఇదే పేరుతో కోపెన్‌హాగెన్ నడిబొడ్డున ఒక పాత కట్టడం కూడా ఉంది. రాజు నాలుగో క్రిస్టియన్ 1619లో దాని నిర్మాణం మొదలుపెట్టించాడు. నాలుగు డ్రాగన్ల తోకలు మెలిపడి పైకి లేచినట్టున్న శిఖరం దాని గుర్తు. మన దక్షిణాదిన తరంగంబాడి రేవులో 1620లో డేనిష్ కోట కట్టించింది కూడా ఈ రాజు కాలంలోనే. ఆ రేవును 1845లో బ్రిటిషువాళ్లకు అమ్మేశారు. షేర్ల లావాదేవీలు 1974లో ఆ పాత కట్టడం నుంచి వేరేచోటికి తరలిపోయాయి. 2024 ఏప్రిల్ 16న, మరమ్మతులు జరుగుతుండగా పెద్ద అగ్నిప్రమాదంలో ఆ శిఖరం కూలిపోయినప్పుడు, టీవీలో ఆ దృశ్యం చూసిన నాకు తెలిసినవాళ్లు ఒకరిద్దరు పత్రిక ఆఫీసు కాలిపోయిందని అనుకున్నారు. కట్టడానికీ పత్రికకూ పేరు తప్ప యాజమాన్య సంబంధం లేదు. కట్టడం అక్కడి వాణిజ్య మండలిది.

పత్రిక 1896లో పుట్టింది. ఆ కాలపు డెన్మార్క్ పరిస్థితి చూస్తే అక్కడ వ్యాపార పత్రిక ఎందుకు అవసరమైందో మన చిత్తూరు జిల్లావాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికా నుంచి చౌక ధాన్యం వచ్చి పడి ధరలు పడిపోతే, అక్కడి రైతులు ధాన్యం వదిలి పాడి వైపు మళ్లారు. 1882లో హ్యెడింగ్ అనే పల్లెలో మొదటి సహకార పాలకేంద్రం పెట్టారు. 1887లో హోర్సెన్స్‌లో మొదటి సహకార పందిమాంసం కర్మాగారం వచ్చింది. అక్కడి వెన్న, మాంసం ఓడలెక్కి ఇంగ్లండుకు వెళ్లేవి. సరుకు సముద్రం దాటి వెళ్లే దేశంలో ధర ఎంత, కొనేవాడెవడు, డబ్బు ఎప్పుడొస్తుంది అన్నది ప్రతి ఊరికీ పనికొచ్చే వార్త. అక్కడ కర్మాగారానికి పాలు పోసే రైతే దాని వాటాదారు కూడా. మన తోతాపురి మామిడి గుజ్జు కూడా విదేశాలకు వెళ్లేదే అయినా, 2025 జూన్‌లో రైతులు ట్రాక్టర్లలో కాయ పెట్టుకుని గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డారు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని నిర్ణయం జరిగేదాకా వచ్చింది. ఆ ఫ్యాక్టరీల వాటాలు ఎవరివి, ఎగుమతి ఒప్పందాలు ఏ ధరకు కుదిరాయి, గిడ్డంగుల్లో పాత గుజ్జు ఎంత నిలవ ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు నాకు ఏ దినపత్రికలోనూ వరసగా దొరకలేదు. ఈ సమీక్ష రాయాలన్న పట్టుదల నాకు అక్కడే పుట్టింది.

ఇక యాజమాన్యం. బోర్సెన్ అర్ధ శతాబ్దానికి పైగా స్వీడన్‌కు చెందిన బొన్నియర్ సంస్థ చేతిలో ఉంది. ఒక దేశపు ప్రధాన వ్యాపార పత్రిక పొరుగు దేశపు కుటుంబానిది కావడం మొదట నాకు ఇబ్బందిగానే తోచింది. కానీ ఆ కుటుంబ చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే బొమ్మ మారుతుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వచ్చిన గేర్హార్డ్ బొన్నియర్ పుస్తకాల వ్యాపారం మొదలుపెట్టింది కోపెన్‌హాగెన్‌లోనే; 1804లో అక్కడే తన తొలి పుస్తకం ప్రచురించాడు. ఆయన కొడుకులు తర్వాత స్వీడన్‌కు వెళ్లారు. వారిలో ఆల్బర్ట్ 1837లో స్టాక్‌హోమ్‌లో పెట్టిన ప్రచురణ సంస్థే నేటి పెద్ద వ్యాపారానికి పునాది. అంటే తాత దుకాణం తెరిచిన ఊరికి మునిమనవల తరాలు పత్రిక యజమానులుగా తిరిగి వచ్చాయన్నమాట. బోర్సెన్ చేతికి వచ్చాక, 1976లో ఇదే సంస్థ స్వీడన్‌లో ‘దాగెన్స్ ఇండుస్ట్రి’ అనే వ్యాపార పత్రికను పెట్టింది. సోవియట్ కూటమి సడలాక ఎస్తోనియాలో ‘ఎరిపేవ్’, పోలండ్‌లో ‘పుల్స్ బిజ్నెసు’ వంటివి వచ్చాయి. అన్నీ వ్యాపార పత్రికలే, అన్నీ ఆయా దేశాల భాషల్లోనే. డబ్బు స్టాక్‌హోమ్‌ది అయినా వార్త కోపెన్‌హాగెన్‌ది, భాష డేనిష్. ఒకే ఇంగ్లీషు పత్రికను అచ్చేసి అన్ని దేశాలకూ పంపితే ఖర్చు తగ్గేది. ఆ దారి పట్టకపోవడం ఈ యజమాని విషయంలో నేను మెచ్చుకునే మొదటి గుణం.

మన దేశంలో ఇది జరిగే పని కాదు. 1955 నాటి కేంద్ర మంత్రివర్గ నిర్ణయం వార్తాపత్రికల్లో విదేశీ యాజమాన్యానికి తలుపు మూసింది. 2002లో ఆ తలుపును 26 శాతం వరకు మాత్రమే తెరిచారు. ఆ జాగ్రత్త అవసరమేనని నా అభిప్రాయం ఇప్పటికీ. అయితే విదేశీ వాటా మీద పెట్టిన ఈ శ్రద్ధ, స్వదేశీ యజమాని ఎవరో పాఠకుడికి తెలియజేయడంలో కనిపించదు. 1867 నాటి పత్రికల చట్టం కింద ప్రతి ఏటా ఫిబ్రవరి నెల ముగిశాక వచ్చే మొదటి సంచికలో ఫారం 4 అనే ప్రకటన వేసేవారు: ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు. లోపలి పేజీలో టెండరు ప్రకటనల మధ్య, భూతద్దం ఉంటేగాని చదవలేనంత చిన్న అక్షరాల్లో వేసేవారు. నా తరగతిలో ప్రతి మార్చిలో పిల్లలతో దాన్ని వెతికించేవాణ్ణి. వాళ్లు దొరకబుచ్చుకుని చదివితే అందులో చాలాసార్లు మనుషుల పేర్ల బదులు కంపెనీల పేర్లు ఉండేవి, ఆ కంపెనీ ఎవరిదో మళ్లీ వెతకాలి. డెన్మార్క్‌లో ఈ రెండో వెతుకులాట తేలిక, ఎందుకంటే కంపెనీల రిజిస్టరు ఎవరైనా రుసుము కట్టకుండా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. పత్రిక కంపెనీ వార్షిక లెక్కలూ అందులోనే దొరుకుతాయి. మన దగ్గర కంపెనీ పత్రాలు చూడాలంటే రుసుము చెల్లించాలి.

ఆ దేశంలో యాజమాన్యం అనే మాటకే మనకు అలవాటులేని ఒక రూపం ఉంది. కార్ల్స్‌బెర్గ్ బీరు సంస్థ మీద అధికారం 1876లో ఏర్పడ్డ ఒక ఫౌండేషన్‌ది. నోవో నార్డిస్క్ మందుల సంస్థ, మేర్స్క్ ఓడల సంస్థ కూడా అంతే. మన దేవస్థానపు మాన్యం గుర్తుకొస్తుంది: ఒకసారి రాసి ఇచ్చాక ఇచ్చినవాడు గానీ వాడి వారసులు గానీ దాన్ని వెనక్కి తీసుకోలేరు. పత్రికల్లోనూ ‘యుల్లాండ్స్ పోస్టెన్’, ‘పోలిటికెన్’ రెండూ రెండు ఫౌండేషన్లకు చెందిన ఒకే సంస్థ కింద 2003 నుంచి నడుస్తున్నాయి. ఇలాంటి దేశంలో బోర్సెన్ ఒక కుటుంబ సంస్థది కావడమే విశేషం. అసలు కోపెన్‌హాగెన్ షేర్ల ఎక్స్ఛేంజి కూడా 2005లో స్వీడన్ మూలాలున్న ఎక్స్ఛేంజీల సంస్థ ఓఎంఎక్స్ చేతికి, 2008లో అమెరికాకు చెందిన నాస్‌డాక్ చేతికి వెళ్లింది. ఎక్స్ఛేంజీ బయటివాళ్లదే, ఎక్స్ఛేంజి పేరు పెట్టుకున్న పత్రికా బయటివాళ్లదే.

యజమాని తర్వాత సంపాదకుడు. 2018లో బోర్సెన్ సంపాదక బాధ్యతలూ కార్యనిర్వహణ బాధ్యతలూ కలిపి బ్యార్నె కోరిడన్‌కు అప్పగించారు. ఆయన 2011 నుంచి 2015 దాకా ఆ దేశ ఆర్థికమంత్రి. 2014లో ప్రభుత్వ ఇంధన సంస్థ డాంగ్‌లో వాటాను అమెరికా పెట్టుబడి బ్యాంకు గోల్డ్‌మన్ సాక్స్‌కు అమ్మినప్పుడు ఆ శాఖ ఆయనదే. ఆ అమ్మకం మీద ప్రజల్లో ఎంత వ్యతిరేకత వచ్చిందంటే సంకీర్ణంలోని ఒక పార్టీ ప్రభుత్వం నుంచి బయటికి వెళ్లిపోయింది. ఆ సంస్థే నేటి ఓర్స్టెడ్. అందులో ఎక్కువ వాటా ఈనాటికీ ప్రభుత్వానిదే. అలాంటి మనిషిని వ్యాపార పత్రిక సంపాదకుడిగా పెట్టడం యజమానికి ఉన్న ధైర్యమని కొందరు అనవచ్చు. నా లెక్కలో ఇది ఈ పత్రిక చరిత్రలో బలహీనమైన చోటు. వార్తలు పక్షపాతంతో ఉన్నాయని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, నేను చదివిన ఐదు సంచికల్లో అలాంటిది కనిపించనూ లేదు. అయినా ఖజానా తాళాలు పట్టుకున్న చేతికే ఖజానాను ప్రశ్నించే కలాన్ని ఇచ్చినప్పుడు, పాఠకుడు ప్రతి సంపాదకీయాన్నీ రెండుసార్లు చదవాల్సి వస్తుంది.

చదివిన అనుభవానికి వస్తాను. పత్రిక చిన్న సైజులో ఉంటుంది. బస్సులో పక్కవాడికి మోచెయ్యి తగలకుండా చదవవచ్చు. మొదటి రెండు రోజులు నన్ను తికమక పెట్టింది అంకెలు. డేనిష్‌లో వేలకు చుక్క పెడతారు, దశాంశానికి కామా పెడతారు. 1.250,75 అని ఉంటే అది పన్నెండు వందల యాభై, పైన డెబ్బై అయిదు పైసల వంటిది. యాప్ దాన్ని ఒకచోట ఒకటీ పాతికగా చూపింది. అంతకన్నా ప్రమాదకరమైనది ‘మియా’ అనే పొట్టి మాట. అది మిలియార్డ్, అంటే మన నూరు కోట్లు. ఇంగ్లీషులో దీన్నే బిలియన్ అంటారు; డేనిష్‌లో బిలియన్ అంటే లక్ష కోట్లు. ఒక బ్యాంకు లాభం చదువుతూ నేను వెయ్యి రెట్లు తప్పు లెక్క కట్టుకుని కూర్చుంటే, అమ్మాయి పేజీ మీద వేలు పెట్టి, “నాన్నా, ఇక్కడ మియా అని ఉంది చూడు, నువ్వు దాన్ని దాటేశావు” అంది. ఆ రోజు నుంచి పెన్సిలుతో ప్రతి ‘మియా’ చుట్టూ సున్నా చుట్టుకుంటూ చదివాను. డెన్మార్క్ కరెన్సీ క్రోన్ విలువను యూరోకు సుమారు 7.46 దగ్గర కట్టి ఉంచుతారు కాబట్టి, ఒక్కసారి లెక్క పట్టుబడితే మళ్లీ మారదు.

వార్తల్లో మేర్స్క్ షేర్ల ప్రస్తావన ‘ఏ’ అనీ ‘బీ’ అనీ రెండు రకాలుగా కనిపించింది. ఏ షేరుకు ఓటు ఉంటుంది, బీ షేరుకు ఉండదు. ఒక్కో షేరు పది వేల క్రోనర్లకు పైనే పలికే సంస్థలో, అంత డబ్బు పెట్టి బీ షేరు కొన్నవాడికి సభలో చెయ్యెత్తే హక్కు లేదు. యాజమాన్యానికీ అధికారానికీ తేడా చెప్పడానికి నేను తరగతిలో ముప్పై ఏళ్లు వెతికిన ఉదాహరణ ఇది.

ఈ పత్రిక చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ‘గెజెల్’ జాబితా. 1995 నుంచి ప్రతి ఏటా, నాలుగు ఆర్థిక సంవత్సరాల్లో ఎదుగుతూ వచ్చి అమ్మకాలనో స్థూల లాభాన్నో రెట్టింపు చేసుకున్న కంపెనీలను గుర్తించి ప్రకటిస్తారు. పెద్ద కంపెనీల గురించి ఎవరైనా రాస్తారు. ఊరి చివర పదిహేను మందితో నడిచే వర్క్‌షాపు రెట్టింపైందని దేశ రాజధాని పత్రికలో పేరు రావడం వేరు. రేణిగుంట, శ్రీసిటీ, గాజులమండ్యం వైపు విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్లు ఎన్నో ఉన్నాయి. వాటి లెక్కలు చూసి ఇలా ఒక జాబితా తీసే తెలుగు పత్రిక ఒక్కటి వస్తే, చందా కట్టేవాళ్లలో నేను మొదటివాణ్ణి.

కొనాలా వద్దా అన్నదానికి నా జవాబు మనిషిని బట్టి. డేనిష్ రానివాళ్లకు రోజువారీ చందా దండగ. పత్రిక పూర్తిగా ఆ భాషలోనే ఉంటుంది, ఆన్‌లైన్‌లో ముఖ్యమైన వార్తలు చందాదారులకే తెరుచుకుంటాయి, అనువాదం మీద ఆధారపడి షేర్లు కొనడం ‘మియా’ ఉదంతం తర్వాత నేను ఎవరికీ సలహా ఇవ్వను. అక్కడ ఉద్యోగానికి వెళ్లే పిల్లలు మాత్రం భాష నేర్చుకునేటప్పుడు దీన్ని తెప్పించుకోవాలి. జీతం, పింఛను, ఇంటి అప్పు గురించిన మాటలు పాఠ్యపుస్తకం కన్నా ఇందులో త్వరగా పట్టుబడతాయి. ఇక వాణిజ్యశాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక్క వారం సంచికలు చాలు, ఒక సెమిస్టరుకు సరిపడా పాఠం వాటిలో ఉంది.

నా ఐదు సంచికలనూ గట్టి అట్టలో కుట్టించి, నేను పనిచేసిన కాలేజీ లైబ్రరీకి ఇచ్చేశాను. పై అట్ట మీద తెలుగులో ఒక చీటీ అంటించాను: “బోర్సెన్, కోపెన్‌హాగెన్, స్థాపన 1896. యజమాని: బొన్నియర్, స్టాక్‌హోమ్. చుక్క అంటే వేలు, కామా అంటే దశాంశం, మియా అంటే నూరు కోట్లు.”