తెలుగు ఫైలు తెరవడానికి ఏది మేలు: ఎర్రర్ ఇచ్చే పద్ధతా, ఇవ్వనిదా?

శ్రీకాకుళంలో సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు పైథాన్ ప్రోగ్రామింగ్ చెబుతుంటాను. మొదట్లోనే రెండు టెక్స్ట్ ఫైళ్లు ఇస్తాను. ఒకదానిలో ఉన్నది ‘శ్రీకాకుళం’ అన్న ఒక్క మాటే, రెండోదానిలో ‘విజయనగరం’. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) చెప్పకుండా, ఫైలు తెరిచే ఉత్త ‘ఓపెన్’ కమాండ్‌తో తెరిస్తే మొదటిది ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. రెండోది ఆగదు, కానీ డిగ్రీ గుర్తులతో నిండిన పిచ్చి అక్షరాలు చూపిస్తుంది. “విజయనగరం ఫైలు పనిచేసింది సార్, ఫాంటే సరిగా లేదు” అంటారు పిల్లలు. నన్నడిగితే రెండింటిలో మేలైనది, తప్పును వెంటనే బయటపెట్టే శ్రీకాకుళం ఫైలే.

ఎందుకంటే, ఈ ఫైళ్లు సేవ్ చేసిన యూటీఎఫ్-8 అనే యూనికోడ్ ఎన్‌కోడింగ్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. ఇంగ్లీష్ సెట్టింగ్‌లో ఉన్న విండోస్‌లో పైథాన్ మామూలుగా 1252 అనే పాత పట్టిక వాడుతుంది. అందులో బైటుకో అక్షరం, మధ్యలో 5 ఖాళీ గళ్లు. పొల్లు (‘క్’లో ఉండేది, వత్తులన్నీ దానితోనే ఏర్పడతాయి), కొమ్ము (‘కు’లో ఉండేది), ఈ రెండింటి మూడో బైటూ ఆ ఖాళీ గళ్లలోనే పడుతుంది. శ్రీకాకుళంలో రెండూ ఉన్నాయి. విజయనగరంలో ఒక్కటీ లేదు కాబట్టి 8 గుర్తుల మాట 24 పిచ్చి అక్షరాలుగా లోపలికి వచ్చేస్తుంది. పలాస, కవిటి, రాజాం కూడా అంతే. టెక్కలి, బొబ్బిలి, పొందూరు మాత్రం ఆగిపోతాయి. అంటే తప్పు అన్నిచోట్లా ఒకటే, బయటపడేది కొన్నిచోట్లే.

ఎర్రర్ చూసి టెన్షన్ పడి చాలామంది ఓపెన్‌లోని ‘ఎర్రర్స్’ అనే ఆప్షన్ దగ్గర ‘ఇగ్నోర్’ (చదవలేని బైట్లు వదిలేయమని) పెట్టేస్తారు. అన్నిటికంటే ప్రమాదం ఇదే. పొల్లుకీ కొమ్ముకీ మొదటి రెండు బైట్లూ ఒకటే. తేడా చెప్పే మూడోదాన్ని ఇగ్నోర్ పారేస్తే, అక్కడ ఉన్నది ‘క్’ అన్నదో ‘కు’ అన్నదో ఎవరూ చెప్పలేరు. ఆ ఫలితాన్ని అదే ఫైలు మీద సేవ్ చేస్తే అసలు మాట పోయినట్టే. లాటిన్-1 అనే ఇంకో పాత ఎన్‌కోడింగ్ కూడా ఎర్రర్ ఇవ్వదు, చూపించేదీ పిచ్చి అక్షరాలే. కాకపోతే బైట్లు పోవు, తిరగేసి బాగుచేసుకోవచ్చు.

అందుకే మా పిల్లలతో ప్రతి ఓపెన్‌లోనూ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయిస్తాను, ‘ఎర్రర్స్’ జోలికి పోనివ్వను. లైనక్స్‌లో రాయకపోయినా సాధారణంగా నడిచిపోతుంది. కానీ అదే ప్రోగ్రామ్ ఇంట్లో విండోస్‌లో తప్పుగా చదువుతుంది. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు. పాత వెర్షన్లు ఉన్నన్నాళ్లు మనం రాయాల్సిందే.

ఎక్సెల్ నుంచి యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేసిన ఫైలైతే ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8-సిగ్ అని రాయడం మేలు. ఎక్సెల్ ఫైలు మొదట్లో కనబడని గుర్తు ఒకటి పెడుతుంది. సిగ్ దాన్ని తీసేస్తుంది, లేకపోయినా ఇబ్బంది పడదు. తీయకపోతే మొదటి కాలమ్ పేరు కంటికి సరిగ్గానే ఉంటుంది, ప్రోగ్రామ్‌లో ఆ పేరుతో వెతికితే దొరకదు.

యూటీఎఫ్-8 అని రాసినా ఎర్రర్ వస్తే, అది ఎన్నో బైటు దగ్గరో మెసేజ్‌లోనే ఉంటుంది. ముందు ఫైలుకి కాపీ తీసి, ఆ చోటు చూడండి. డీటీపీ షాపు నుంచి వచ్చిన ఫైలైతే ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిందేమో అడగండి. అది యూనికోడ్ కాదు, ఏ ఎన్‌కోడింగ్ రాసినా తెలుగు రాదు. ముందు కన్వర్టర్‌తో మార్చుకుని, ఆ తర్వాతే పైథాన్‌కి ఇవ్వాలి.