ఉక్కునగరం, కాగజ్‌నగర్: ఫ్యాక్టరీ ఏ ఊరికి ఎక్కువ అవసరం?

ఉక్కునగరం విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ టౌన్‌షిప్, కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు ఉన్న ఊరు. రెండూ ఫ్యాక్టరీని బట్టి పేరొచ్చిన ఊళ్లే. పోలిక దాదాపు అక్కడితో సరి.

విశాఖ ఉక్కు జనం కొట్లాడి తెచ్చుకున్నది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. భూములిచ్చిన పల్లెల్లో ‘ఆర్ కార్డు’ (నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు) అంటే ఉద్యోగం మీద ఆశ. కొన్ని ఇళ్లలో అది ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది, ఆశ మాత్రం మనవళ్ల దాకా వచ్చింది. సొంత ఇనుప గనులు లేకపోవడం మొదట్నుంచీ ఉన్న లోటు. 2021లో కేంద్రం వంద శాతం అమ్మేస్తామంది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు.

సిర్పూర్ పేపర్ మిల్లు నిజాం కాలం నాటిది. 2014లో మూతపడింది, జేకే పేపర్ చేతికి వెళ్లి 2018లో తెరుచుకుంది. ఆ నాలుగేళ్లు అనగానే ఏ శిబిరం ఫొటో గుర్తొస్తుంది మీకు? నాకైతే ఏదీ రాదు. జీతాలు ఆగితే ముందు నిండేది కిరాణా కొట్టు అప్పు పుస్తకం. ఆ తర్వాతే పేపర్లో వార్త.

ఉక్కు కుంటుపడినా విశాఖకు పోర్టుంది, రిఫైనరీ ఉంది, నేవీ ఉంది. కాగజ్‌నగర్‌కు అంతటి రెండో ఆసరా ఏది? అందుకే టన్నుల లెక్కలో విశాఖ ఎంత పెద్దదైనా, ఊరి బతుకు లెక్కలో నా ఓటు మిల్లుకే.